ఏం చూసి చెప్పారని అడుగు

కూచిపూడి

అమ్మలూ,

బండి వేగం ఎనభై దగ్గరకు రాగానే స్టీరింగ్ చేతుల్లో వణుకుతోందని, మెకానిక్ బండిని ఒక చుట్టు తిప్పి చూసి ఇంజన్ మౌంటింగులూ డ్రైవ్ షాఫ్టులూ మార్చాలన్నాడని చెప్పావు. అప్పుడే డబ్బు కట్టకు. అతను చెప్పింది తప్పని నేననడం లేదు, బండి చూడకుండా నేనూ తీర్పు చెప్పకూడదు. కానీ నువ్వు అతనితో అన్నది "బండి షేక్ అవుతోందండీ" అనే ఒక్క ముక్క. అంతవరకే వింటే ఎంత పనిమంతుడైనా ఊహించే చెప్పాలి. వణుకు ఎప్పుడు మొదలవుతోంది, ఏం చేస్తే పోతోంది అనేది బండి నడిపే నీకే తెలుస్తుంది.

మౌంటింగ్ అంటే ఇంజన్‌ని బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మ. అది పోతే బండి ఆగి ఉన్నప్పుడే సీటూ డ్యాష్‌బోర్డూ అదురుతాయి, ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. నీ బండి ఆగినప్పుడు నెమ్మదిగానే ఉంటోందన్నావు. డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ అరిగితే యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వణికి, కాలు తీయగానే తగ్గుతుంది. బయటి జాయింటయితే స్టీరింగ్ పూర్తిగా తిప్పి మలుపు తీసుకునేటప్పుడు టకటకమంటుంది. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే కొట్టుకుంటే డిస్కులు చూడాలి. వీటిలో ఏదీ నీ వర్ణనకు సరిపోవడం లేదు.

ఇక చక్రం సంగతి. ఇక్కడ నాకు లెక్క ఇష్టం, కాస్త ఓపిక పట్టు. టైరు పక్కన 165/80 ఆర్ 14 అని ఉందనుకో, దాని చుట్టుకొలత 1.95 మీటర్ల దాకా ఉంటుంది. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22 మీటర్లు. అంటే చక్రం సెకనుకు 11 సార్లకు పైగా తిరుగుతోంది. అదే సమయంలో 3000 ఆర్‌పీఎం మీద ఉన్న ఇంజన్ సెకనుకు 50 సార్లు తిరుగుతుంది. ఇంజన్ అదురు సన్నగా గుర్రుమంటుంది, చక్రం ఊపు చేతికి విడివిడిగా తగులుతుంది. పైగా స్ప్రింగు కింద చక్రం తనంతట తాను ఊగే వేగం చాలా కార్లలో సెకనుకు 10 నుంచి 15 సార్ల దగ్గర ఉంటుంది. ఈ రెండూ కలిసిన చోటే బ్యాలెన్స్ తప్పిన చక్రం దొరికిపోతుంది.

మొన్న వానకి మొవ్వ వైపు పొలం డొంకలో బండి దించావు కదా! మన నల్లరేగడి బంక రిమ్ము లోపలివైపు అంటుకుని ఎండితే రాయిలా పట్టేస్తుంది. బయట బండి కడిగినా అది పోదు. 100 గ్రాముల మట్టి రిమ్ము అంచున ఉంటే, 80 మీద అది చక్రాన్ని దాదాపు 9 కిలోల బలంతో ఒక పక్కకు గుంజుతుంది. 40 మీద ఆ బలం నాలుగో వంతే. అందుకే ఊళ్లో తిరిగేటప్పుడు నీకేమీ తెలియలేదు.

చల్లపల్లి రోడ్డు మీద మాత్రం పరీక్షించకు. తడికి ఉబ్బి ఎండకు కుంగే నేల మీద రోడ్డే అలలుగా ఉంటుంది, బండిదేదో రోడ్డుదేదో తేలదు. పామర్రు దాటి విజయవాడ హైవే ఎక్కాక, తెల్లవారుజామున వెనక బళ్లు లేనప్పుడు, వణుకు వచ్చే వేగంలో క్లచ్ తొక్కి ఉంచు. తాళం తిప్పి ఇంజన్ మాత్రం ఆపకు, స్టీరింగ్ బిగుసుకుపోతుంది. ఇంజన్ మందగించినా వణుకు అలాగే ఉంటే ముందు చూడాల్సింది చక్రాలనే. ఆగిపోతే ఆ మెకానిక్ మాటకు బలం వచ్చినట్టే, అది కూడా ఒప్పుకో.

తర్వాత రిమ్ములు లోపల గీకి కడిగించి, బ్యాలెన్సింగ్ చేయించు. అలైన్‌మెంట్ వేరే పని. బండి ఒక పక్కకు లాగితేనో, టైరు ఒక అంచునే అరిగితేనో అది కావాలి. అన్నీ ఒకేసారి చేయించావంటే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. అప్పటికీ పోకపోతే ముందు చక్రాలను వెనక్కి, వెనకవి ముందుకి మార్పించు. వణుకు స్టీరింగ్ వదిలి సీటుకిందకి పోతే తప్పు ఆ టైరులోనో రిమ్ములోనో ఉంది. టైరు మీద ఉబ్బు ఉందేమో చేత్తో తడుము. ఉంటే లోపలి పొరలు విడిపోతున్నట్టు, ఇక దాని మీద ప్రయాణం వద్దు. టైరు పక్కన ఉండే తయారీ కోడ్‌లో చివరి నాలుగంకెలు కూడా చూడు, 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది.

మెకానిక్ దగ్గరికి మళ్లీ వెళ్లి, మర్యాదగా, "ఏం చూసి షాఫ్ట్ అనుకున్నారండీ, నాకూ చూపిస్తారా?" అను. నిజంగా చూసినవాడు బండి లేపి చిరిగిన రబ్బరు బూటునో, ఊగే జాయింటునో నీ చేతికి పట్టిస్తాడు, అప్పుడు సంతోషంగా మార్పించు. పాత పార్టు అడిగి తీసుకో. చూపించలేక విసుక్కుంటే ఇంకొకరి దగ్గరికి వెళ్లు. ఆడపిల్లవి, నీకేం తెలుసన్నట్టు మాట్లాడినా వెనక్కి తగ్గకు. బండి నడిపేది నువ్వు, డబ్బు కట్టేది నువ్వు.

ఒక్కటి మాత్రం పరీక్షల దాకా ఆగకూడదు. తక్కువ వేగంలోనే ఊపు మొదలై, పోనుపోను పెరుగుతుంటే వెంటనే పక్కకు ఆపి వీల్ నట్లు చూడు. చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి, కొంత దూరం నడిపాక మళ్లీ ఒకసారి స్పానర్ వేసి చూడాలి.

మీ పెదనాన్న