ఆవులెన్ని, పేర్లెన్ని?

మా ఇంట్లో ఒకే ఆవుకు రెండు పేర్లు. నాయన తెలుగులో 'ఎర్రావు' అంటాడు, అమ్మ కన్నడంలో 'కెంపి' అంటుంది. ఎవరు ఎట్లా పిలిచినా డెయిరీకి పాలిచ్చేది ఒకటే ఆవు, చెవికున్న పసుపు బిళ్ల మీద 12 అంకెల నంబరూ ఒకటే. రూబీ నేర్చుకునేటప్పుడు నన్ను తికమక పెట్టింది ఇదే. లెక్కపెట్టాల్సింది పేర్లనా, ఆవులనా?

రూబీ అనేది జపాన్‌కు చెందిన యుకిహిరో మత్సుమోతో 1995లో బయటికి తెచ్చిన కంప్యూటరు భాష. అందులో క్లాస్ అంటే మూస. 'న్యూ' అని పిలిచిన ప్రతిసారీ ఆ మూసలోంచి ఒక ఆబ్జెక్ట్ పుడుతుంది. రెండు పేర్లు ఒకే ఆబ్జెక్ట్‌ను చూపిస్తా ఉంటే రెంటి 'ఆబ్జెక్ట్ ఐడీ' ఒకటే వస్తుంది. అదే చెవి బిళ్ల అనుకోండి.

(వేరియబుల్ పేర్లు తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చు! క్లాస్ పేరు మాత్రం పెద్దక్షరంతో మొదలవ్వాలి. మన లిపిలో పెద్దక్షరాలు లేవు కాబట్టి అక్కడ ఇంగ్లీషు అక్షరం తప్పదు.)

ఆబ్జెక్ట్ పుట్టగానే 'ఇనిషియలైజ్' అనే మెథడ్ నడుస్తుంది. లెక్క పెంచాల్సింది అక్కడే. నేను మొదట అందులో ఇట్లా రాశాను:

@లెక్క = 0
@లెక్క += 1

ఎన్ని ఆవులను పుట్టించినా ప్రతి ఆవూ 1 అనే చెప్పింది. ఎందుకంటే ఒక్క @ ఉంటే ఆ వేరియబుల్ ఆ ఒక్క ఆవుదే. రెండు @లు పెడితే క్లాస్ మొత్తానికీ ఒకటే. @@లెక్క = 0 అని క్లాస్ మొదట్లో ఒకసారి రాసి, ఇనిషియలైజ్‌లో @@లెక్క += 1 అంటే సరిపోయింది.

కానీ ఇది పుట్టినవాటి లెక్క, ఇప్పుడున్నవాటిది కాదు. ఏ ఆవులున్నాయో కూడా కావాలంటే @@మంద అనే జాబితా పెట్టి, పుట్టినదాన్ని పుట్టినట్టే అందులో చేర్చాలి. చిక్కు ఇక్కడే ఉంది. మా అవ్వ నోటుబుక్కులో పోయినేడు అమ్మిన ఆవు పేరు ఇంకా ఉంది. కొట్టేయడానికి ఆమెకు చెయ్యి రాలేదు. రూబీలో ఏ పేరూ, ఏ జాబితా చూపించని ఆబ్జెక్ట్‌ను గార్బేజ్ కలెక్టర్ ఎప్పుడో ఒకప్పుడు ఊడ్చేస్తుంది. మందలో ఉన్నంతకాలం మాత్రం దాన్ని ముట్టదు. ప్రోగ్రాం రోజుల తరబడి నడిస్తే అమ్మేసిన ఆవులతోనే మెమరీ నిండిపోతుంది.

అందుకని 'అమ్మకం' అని ఒక మెథడ్ రాసి, మందలోంచి ఆ ఆవును డిలీట్ చేయించాను. ఇప్పుడు లెక్క అడగాల్సింది @@లెక్కను కాదు, మంద సైజును. జాబితా లేకుండానే 'ఆబ్జెక్ట్‌స్పేస్'ను అడిగినా ఉన్నవి ఎన్నో చెప్తుంది. కానీ ఇంకా ఊడ్చనివాటినీ కలిపేస్తుంది కాబట్టి ఒక్కోసారి ఎక్కువ చూపిస్తుంది. పాల డబ్బుల లెక్కకు దాన్ని నమ్ముకోకండి.