జీవామృతంలో ‘కోట్ల’ సూక్ష్మజీవులను ల్యాబ్‌లో ఎలా లెక్కపెడతారు?

జీవామృతం గురించి ఎప్పుడు చెప్పినా ఎవరో ఒకరు అడుగుతారు: "కోట్ల సూక్ష్మజీవులు అంటారు కదా సార్, ఆ కోట్లు ఎవరు లెక్కపెట్టారు?" న్యాయమైన ప్రశ్న. పై వీడియోలో ల్యాబ్ గాజు పళ్ళేలు చూపించాను గానీ అక్కడ గబగబా చెప్పేశాను. ఇక్కడ నిదానంగా చూద్దాం.

ఒక్క బాక్టీరియా కంటికి కనపడదు. దానికి మేత పెట్టి, వెచ్చగా ఉంచి, రెండు రోజులు కదపకుండా వదిలేస్తే అది రెండు, నాలుగు, ఎనిమిది అవుతూ పోయి చివరికి ఒక చుక్కలాగా కనపడుతుంది. ఆ చుక్కనే కాలనీ అంటారు. ల్యాబ్ వాళ్లు లెక్కపెట్టేది ఆ చుక్కలనే.

కానీ జీవామృతం నేరుగా పళ్ళెంలో పోస్తే చుక్కలు విడిగా రావు, మీగడ కట్టినట్టు అంతా ఒకటే అవుతుంది. అందుకే పలచన చేస్తారు. 1 మి.లీ. జీవామృతాన్ని 9 మి.లీ. శుద్ధి చేసిన నీళ్లలో కలిపితే 10 రెట్లు పలచన. బాగా కలిపి, దాంట్లోంచి 1 మి.లీ. తీసి ఇంకో 9 మి.లీ.లో కలిపితే 100 రెట్లు. ఇలా ఆరో గొట్టానికి వచ్చేసరికి 10 లక్షల రెట్లు. ప్రతిసారీ పిప్పెట్ మార్చాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. మట్టి అయితే 10 గ్రాములు 90 మి.లీ. నీళ్లలో కలిపి మొదలుపెడతారు.

చివరి గొట్టంలోంచి 1 మి.లీ. పళ్ళెంలో వేసి, గోరువెచ్చని అగార్ మేత పోసి, గట్టిపడ్డాక 28–30 డిగ్రీల దగ్గర ఉంచుతారు. ఉదాహరణకు 62 చుక్కలు వచ్చాయనుకోండి. 62ను 10 లక్షలతో హెచ్చిస్తే మి.లీ.కి 6 కోట్ల 20 లక్షలు. మీ ‘కోట్లు’ అక్కడి నుంచి వచ్చాయన్నమాట. సాధారణంగా 30 నుంచి 300 లోపు చుక్కలున్న పళ్ళేన్నే నమ్ముతారు.

ఈ అగార్ సముద్రపు నాచు నుంచి తీసేది. జర్మనీలో కోఖ్ ల్యాబ్‌లో ముందు జెలటిన్ వాడేవారు, ఎండాకాలం అది కరిగిపోయేది. 1881లో అక్కడ పనిచేస్తున్న వాల్టర్ హెస్సె భార్య ఫానీ హెస్సె, తాను వంటింట్లో జెల్లీలకు వాడే అగార్ పెట్టి చూడమంది. ఇవాళ్టికీ ల్యాబుల్లో అదే.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. మొదటిసారి మా బావమరిది డ్రమ్ము నుంచి శాంపిల్ నేనే తీసుకెళ్లాను. మే నెల ఎండ. సీసా నిండా పోసి, మూత బిగించి, బండి డిక్కీలో మధ్యాహ్నం దాకా ఉంచాను. రిపోర్టులో అంకె బాగా తక్కువ వచ్చింది. నా మాట విని ఆయన 200 లీటర్లు పారబోశాడు. తర్వాత మళ్లీ అదే పద్ధతిలో కలిపి, శాంపిల్‌ని ఐసు పెట్టెలో పెట్టి పొద్దున్నే ఇచ్చి వస్తే అంకె బాగానే ఉంది. చచ్చినవి డ్రమ్ములో కాదు, నా డిక్కీలో. అందుకని డ్రమ్ము బాగా తిప్పి మధ్యలోంచి తీయండి, మరిగించి ఆరబెట్టిన సీసాలో ముప్పావు వంతే నింపండి, కలిపిన తేదీ రాయండి, అదే రోజు ఇవ్వండి. గడ్డకట్టించవద్దు.

అంకె వచ్చాక కూడా ఒక జాగ్రత్త. మట్టిలో ఉండే సూక్ష్మజీవుల్లో ఎక్కువ భాగం ఈ మేత మీద అసలు మొలవవు. మొలిచినవన్నీ పంటకు పనికొచ్చేవీ కావు. కొనే ద్రవ జీవన ఎరువుకు ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో మి.లీ.కి కనీసం 10 కోట్లు ఉండాలని ఉంది, కానీ అది అజటోబాక్టర్ లాంటి ఒక్క రకం లెక్క. మన జీవామృతం అంకె అన్ని రకాలూ కలిపిన లెక్క. రెండూ పక్కపక్కన పెట్టి పోల్చడం సరికాదు, అమ్మేవాళ్లు పోల్చినా సరే.

పనికొచ్చేవి ఎన్నో తెలియాలంటే ‘మొత్తం లెక్క’ కాకుండా విడి పరీక్ష అడగాలి. నత్రజని లేని మేత పెడితే గాలిలోంచి నత్రజని తీసుకోగలిగేవి ముందుకొస్తాయి. పికోవ్‌స్కయా అగార్‌లో కరగని భాస్వరం కలిపి ఉంటుంది, పళ్ళెం తెల్లగా పాలలా కనపడుతుంది. భాస్వరం కరిగించే బాక్టీరియా కాలనీ చుట్టూ ఆ తెలుపు పోయి గాజులా స్పష్టమైన వలయం ఏర్పడుతుంది. వీడియోలో 'ఆ గుండ్రటి ఖాళీ ఏంటి?' అనుకున్నది అదే.

మాక్‌కాంకీ అగార్ అని ఇంకోటి ఉంది. పేడలో ఉండే కోలిఫాం రకాలు దాని మీద గులాబీ రంగులో వస్తాయి. కొత్తిమీర, పుదీనా, కీర లాంటి పచ్చిగా తినేవి పండించేవాళ్లు ఈ పరీక్ష ఒక్కసారైనా చేయించండి. కోతకు దగ్గరలో ఆకుల మీద పిచికారీ మానేసి, మొదట్లో నేలకే ఇవ్వండి.