యంత్రం చెప్పే మాట

మన దేశంలో మధ్యతరగతి కుటుంబానికి కారును చేరువ చేసిన వాహనం మారుతి 800. తొలి కారు 1983 డిసెంబరులో రోడ్డెక్కింది. 2014 జనవరిలో దాని ఉత్పత్తి నిలిచిపోయింది. అయినప్పటికీ మన ఊళ్ళలో ఆ కారు నేటికీ కనిపిస్తూనే ఉంటుంది. మూడు సిలిండర్లు గల 796 సి.సి. ఇంజను, సరళమైన నిర్మాణం దాని దీర్ఘాయువుకు కొంతవరకు కారణాలు. మిగిలిన కారణం యజమాని శ్రద్ధ. సొంత కారుకు తొలి రిజిస్ట్రేషన్ గడువు పదిహేనేళ్ళు. ఆ పిమ్మట వాహనం యోగ్యంగా ఉన్నదని తనిఖీలో తేలితేనే అయిదేళ్ళ చొప్పున పొడిగిస్తారు. కనుక పాత కారు ఉన్న ఇంట సంరక్షణ నిత్యకృత్యం కావాలి.

యంత్రం సాధారణంగా ఉన్నట్టుండి మొరాయించదు. ముందుగా ఏదో ఒక సూచన ఇస్తుంది. ఆ సూచనను గ్రహించనివాడు గోటితో పోయేదానిని గొడ్డలి దాకా తెచ్చుకుంటాడు.

మొదట చూడవలసినది ఇంజన్ ఆయిల్. ఉదయం ఇంజను చల్లగా ఉన్నప్పుడు, కారును సమతలంపై నిలిపి, డిప్‌స్టిక్ అనే కొలత చువ్వను పైకి తీయాలి. దానిని గుడ్డతో తుడిచి, తిరిగి లోపల ఉంచి, మరల తీసి చూడాలి. నూనె జాడ రెండు గీతల నడుమ ఉండాలి. తగ్గితే లోపలి భాగాలు ఒరిపిడికి అరిగిపోతాయి. మితిమీరి పోసినా చేటే. వాడుకలో నూనె నల్లబడడం సహజం. అది పాలు కలిసిన కాఫీ రంగుకు మారితే మాత్రం నూనెలో నీరు చేరుతున్నదని శంకించాలి.

పొగ రంగు కూడా ఒక సూచనే. నీలిపొగ వస్తే ఇంజనులో నూనె మండుతున్నదని అర్థం. నల్లపొగ వస్తే పెట్రోలు అవసరానికి మించి చేరుతున్నది. ఇంజను బాగా వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ ఆగకపోతే, కూలంట్ దహనగదిలోకి ప్రవేశిస్తున్నదేమో పరీక్షింపజేయాలి.

రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవి ఎండ ఎంత తీవ్రమో మనకు తెలియనిది కాదు. అటువంటి ఎండలో రేడియేటర్‌పై భారం మరింత పెరుగుతుంది. అందులో బోరునీరు పోయడం తగదు. ఆ నీటిలోని లవణాలు సన్నని గొట్టాలలో పేరుకొని నీటి ప్రవాహాన్ని అడ్డుకుంటాయి. శుద్ధజలంలో తగిన పాళ్ళలో కూలంట్ కలిపి వాడాలి. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత ఎన్నడూ తీయరాదు. ఒత్తిడికి లోనైన ఆ నీరు మూత వదులు కాగానే ఆవిరితో సహా పైకి ఎగజిమ్మి ముఖాన్ని, చేతులను కాల్చివేస్తుంది.

బ్యాటరీ కొసలపై తెల్లని, పచ్చని పొడి పేరుకుంటే విద్యుత్తు సరిగా ప్రవహించదు. వంటసోడా కలిపిన నీటితో దానిని కడిగి, ఆరిన పిదప తీగలు బిగించి, పైన వాజ్‌లైన్ పూయాలి. తీగలు విప్పేటప్పుడు ముందుగా రుణ కొసను, బిగించేటప్పుడు చివరగా రుణ కొసను ముట్టాలి. కారు శరీరమంతా రుణ కొసతో కలిసి ఉంటుంది. ఈ క్రమం తప్పితే, ధన కొసపై ఉన్న స్పానర్ ఇనుప భాగానికి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి.

స్పార్క్ ప్లగ్ కొనను చూసి ఇంజను ఆరోగ్యాన్ని ఊహించవచ్చు. లేత గోధుమ రంగు మంచి లక్షణం. పొడి మసి పట్టితే ఇంధనం ఎక్కువైనదని, నూనెతో తడిస్తే సిలిండరులోకి నూనె చేరుతున్నదని గ్రహించాలి. ప్లగ్‌ను తిరిగి బిగించేటప్పుడు మొదటి చుట్లు వ్రేళ్ళతోనే తిప్పాలి. ఆరంభంలోనే స్పానర్‌తో బలం చూపితే మరలు చెడిపోతాయి.

ఇంతవరకు చెప్పినవి ఇంటివద్ద చేసుకోదగిన పనులు. బ్రేకుల సంగతి వేరు. బ్రేకు నూనె మట్టం తగ్గిందంటే ప్యాడ్లు అరిగి ఉండాలి, లేదా ఎక్కడో కారుతూ ఉండాలి. కొంత నూనె పోసి ఊరుకోవడం రోగాన్ని దాచిపెట్టడమే. వెంటనే అనుభవజ్ఞుడైన మెకానిక్‌కు చూపాలి. తొక్కిన బ్రేకు పనిచేయకపోతే, కారులోనివారితో పాటు ఏ పాపం ఎరుగని బాటసారి కూడా బలి కావచ్చు. అలాగే జాకీపై నిలిపిన కారు క్రిందికి ఎన్నడూ దూరరాదు. చక్రం మార్చడానికి చాలే జాకీని నమ్మి మనిషి ప్రాణాన్ని దాని క్రింద పెట్టకూడదు. తన చేతికి అందే పనిని తాను చేసుకోవడం నేర్పు; అందని పనిని గుర్తించి నిపుణునికి అప్పగించడం అంతకు మించిన వివేకం.

ప్రతి పనినీ తేదీతో, కిలోమీటర్లతో సహా ఒక పుస్తకంలో వ్రాసుకోవాలి. గత నెల పోసిన నూనె ఈ నెల ఎంత తగ్గిందో ఆ పుస్తకమే చెబుతుంది. తీసివేసిన పాత నూనెను కాలువలో పారబోయక, డబ్బాలో భద్రపరచి, వాడిన నూనెను సేకరించేవారికి అప్పగించాలి. తన కారు బాగుకోసం ఊరి నీటిని చెరచడం సంరక్షణ అనిపించుకోదు.

అభ్యాసం

1. పొగ రంగును బట్టి ఇంజను స్థితిని ఎట్లా గుర్తించవచ్చు?
2. రేడియేటర్‌లో బోరునీరు ఎందుకు పోయరాదు?
3. బ్యాటరీ తీగలను విప్పే, బిగించే క్రమాన్ని సకారణంగా వివరించండి.
4. ‘గోటితో పోయేదానిని గొడ్డలి దాకా తెచ్చుకోవడం’ - ఈ జాతీయాన్ని మీ సొంతవాక్యంలో ప్రయోగించండి.