టర్బో మానిఫోల్డ్ - పగిలిన పైపు నేర్పిన పాఠం

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు "పిల్లలకు చదువులో పనికొచ్చేది ఏదైనా రాయండి" అని వార్డెన్ గారు అడిగారు. మేము నలుగురం ఎం.టెక్ మెకానికల్ విద్యార్థులం. అందులో ఇద్దరం ఈ హాస్టల్ అన్నం తిని పెరిగినవాళ్లమే. మా ఇళ్లలో డిగ్రీ పట్టా అందుకున్నది మేమే మొదటివాళ్లం. ఒక పాత మారుతి ఎస్టీమ్ కారుకు టర్బో పెట్టాలని ప్రాజెక్టు తీసుకుని, మధ్యలో ఒక పెద్ద తప్పు చేశాం. ఆ తప్పు వెనక ఉన్న లెక్క ఇంటర్ మొదటి సంవత్సరం ఫిజిక్సులోదే. అందుకే మీకు చెబుతున్నాం.

టర్బో అంటే ఏమిటి?

లోడు లారీ ఎత్తు ఎక్కేటప్పుడు సన్నగా ఈల వేసినట్టు వినిపిస్తుంది కదా, అది టర్బో చప్పుడు. ఇంజిన్ నుంచి బయటకు పోయే పొగలో ఇంకా బోలెడు వేడి, ఒత్తిడి ఉంటాయి. ఆ పొగ ఒక చిన్న టర్బైన్ చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో చివరన ఉన్న చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి పంపుతుంది. గాలి ఎక్కువ వెళితే, దానికి తగ్గట్టు పెట్రోలు ఎక్కువ పోసి, ఎక్కువ శక్తి తీసుకోవచ్చు. ఈ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైనే తిరుగుతుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ బూషీ అనే ఇంజినీరు 1905లోనే ఈ ఆలోచనకు పేటెంటు తీసుకున్నాడు.

నాలుగు సిలిండర్ల పొగను కలిపి టర్బో దాకా తీసుకెళ్లే పైపుల అమరికను ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ అంటారు. మా 1298 సీసీ ఇంజిన్ టర్బో కోసం తయారైంది కాదు. కాబట్టి మానిఫోల్డ్ మేమే చేసుకోవాలి.

ముందుగా చూసుకోవలసినవి

1. చోటు: టర్బో రేడియేటర్‌కు, బానెట్‌కు తగలకూడదు. టర్బోలోకి వెళ్లిన ఇంజిన్ ఆయిల్ తన బరువుతోనే సంపులోకి దిగాలి. అందుకని దాని కింది పైపు వీలైనంత నిలువుగా ఉండాలి. ఇనుము కోసే ముందు మేము పీవీసీ పైపు ముక్కలతో నమూనా కట్టి చూసుకున్నాం.

2. పైపు సైజు: పైపు మరీ లావైతే పొగ వేగం తగ్గి టర్బో ఆలస్యంగా లేస్తుంది. మరీ సన్నమైతే పొగ అడ్డుపడుతుంది. మేము అంగుళంపావు షెడ్యూల్ 40 పైపు తీసుకున్నాం. దాని లోపలి వ్యాసం సుమారు 35 మిల్లీమీటర్లు.

3. లోహం: పెట్రోలు టర్బో ఇంజిన్‌లో పొగ వేడి 900 డిగ్రీల సెల్సియస్ దాకా పోగలదు. మామూలు ఇనుము ఆ వేడికి పెచ్చులూడుతుంది. అందుకే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు వాడాం.

మేము చేసిన తప్పు

మొదటి మానిఫోల్డ్‌ను సులువు పద్ధతిలో చేశాం. ఒక పైపును ఇంజిన్‌కు సమాంతరంగా అడ్డంగా పెట్టి, నాలుగు పోర్టుల నుంచి పొట్టి పైపులు తెచ్చి దానికి అతికించాం. ఇంజిన్ హెడ్‌కు బిగించే ఫ్లాంజి ప్లేటు మొత్తం ఒకటే ముక్క. 5 కిలోల టర్బో వేలాడకుండా ఒక రాడ్డుతో ఇంజిన్ బ్లాకుకు గట్టిగా బిగించాం.

విజయవాడ ఆటోనగర్‌లో మాకు వెల్డింగ్ చేసిన బాబాయ్ ప్లేటు చూసి, "ఒకటే ముక్క పెట్టారేంటబ్బాయ్? కాగితే అది ఎటు పోద్ది?" అని అడిగాడు. మేము నవ్వి, "కంప్యూటర్లో చూసుకున్నాం బాబాయ్, బలంగానే ఉంది" అన్నాం. నిజానికి కంప్యూటర్లో మేము బరువు ఒక్కటే ఇచ్చి చూశాం. వేడి ఇచ్చి చూడలేదు.

కాలేజీ ఆవరణలో నాలుగో రోజు నడిపాక టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది. విప్పి చూస్తే రెండు, మూడు పోర్టుల మధ్య వెల్డు పక్కనే వెంట్రుక లాంటి పగులు. రివ్యూకు మూడు వారాలే ఉంది. ఆ పైపుల్లో మా స్టైపెండు డబ్బు ఉంది, మాలో ఒకరి అమ్మ డ్వాక్రా అప్పులోంచి తీసి ఇచ్చిన డబ్బూ ఉంది. భయంతో ఎవరికీ చెప్పకుండా పగులు మీదే మళ్లీ వెల్డు వేయించాం. రెండు రోజుల్లో ఆ వెల్డు పక్కన ఇంకోటి పగిలింది.

అసలు లెక్క

అప్పుడు కూర్చుని దైర్ఘ్య వ్యాకోచం లెక్క కట్టాం. పొడవులో పెరుగుదల = మొదటి పొడవు × వ్యాకోచ గుణకం × ఉష్ణోగ్రతలో పెరుగుదల.

మొదటి పోర్టు నుంచి నాలుగో పోర్టుకు దూరం 250 మి.మీ. వేడిలో ఈ స్టీలు గుణకం డిగ్రీకి సుమారు 0.000018. పైపు 30 నుంచి 700 డిగ్రీలకు వెళితే పెరుగుదల 670. గుణిస్తే 3 మి.మీ. వస్తుంది.

ఇంజిన్ హెడ్ అల్యూమినియం. దాని గుణకం 0.000023, అంటే స్టీలు కన్నా ఎక్కువే. కానీ నీళ్లు తిరుగుతుంటాయి కాబట్టి అది 90 డిగ్రీల దగ్గరే ఉంటుంది. 250 × 0.000023 × 60 = 0.35 మి.మీ. మాత్రమే.

అంటే పైపు 3 మి.మీ. పెరగాలని చూస్తుంటే, దాన్ని పట్టుకున్న హెడ్ అర మిల్లీమీటరు కూడా జరగదు. పైగా టర్బోను రాడ్డుతో కట్టేశాం. ఎటూ పోలేని లోహం లోపల్లోపల నలుగుతుంది. చల్లారినప్పుడు వెనక్కి లాగుతుంది. ఇలా పదే పదే జరిగి బలహీనమైన చోట చీలుతుంది. బండి చక్రానికి ఇనుప పట్టా కాల్చి తొడిగే మనవాళ్లకు ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. పరీక్షలో ఇదే లెక్కకు మార్కులు తెచ్చుకున్న మాకు తట్టలేదు.

సిగ్గుపడుతూనే మళ్లీ బాబాయ్ దగ్గరకు వెళ్లాం. ఆయన ఏమీ అనలేదు. మూలన పడి ఉన్న ఆరు సిలిండర్ల లారీ మానిఫోల్డ్ తెచ్చి చూపించాడు. అది పోత ఇనుముది, మూడు ముక్కలు. ఒకదాని మూతి ఇంకోదానిలోకి దూరి, వేడికి అటూ ఇటూ జరిగేలా ఉంది. "ఇనుము కాగితే పెరుగుద్ది. దాని దారి దానికివ్వాలి" అన్నాడు.

రెండోసారి చేసిన మార్పులు

* ఫ్లాంజిని పోర్టుకు పోర్టుకు మధ్య కోసి నాలుగు ముక్కలు చేశాం.
* 8 మి.మీ. స్టడ్లకు మధ్యలో బిగువైన రంధ్రాలు, చివర్లలో 10 మి.మీ. రంధ్రాలు పెట్టాం. చివరలు జరగగలవు.
* తిన్నని పైపు బదులు ఒక్కో సిలిండర్‌కు వంపులున్న విడి పైపు పెట్టాం. వంపు ఉంటే పైపు కొంచెం సాగి సర్దుకుంటుంది.
* టర్బో రాడ్డుకు పొడవాటి రంధ్రం చేశాం. బరువు మోస్తుంది, కదలికను ఆపదు.
* వెల్డింగ్ చేసేటప్పుడు పైపు లోపల కూడా ఆర్గాన్ వాయువు నింపాం. లేకపోతే వెల్డు లోపలి వైపు గరుకుగా మాడి, రాలిన పెచ్చులు టర్బైన్ రెక్కలను కొడతాయి.
* ప్లేటును మందపాటి ఇనుప దిమ్మకు బిగించే వెల్డు వేసి, పూర్తిగా చల్లారాకే విప్పాం. ఆ తర్వాత దాని ముఖాన్ని మిషన్ మీద చదును చేయించాం.

రివ్యూలో మొదటి మానిఫోల్డ్‌ను కూడా బల్ల మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాం. ఎక్కువ ప్రశ్నలు దాని మీదే వచ్చాయి. కొత్తదానిలో ఒక లోపం ఉంది. పైపుల పొడవు పెరిగినందువల్ల టర్బో కాస్త ఆలస్యంగా అందుకుంటోంది. కానీ ఇంతవరకు పగల్లేదు. ఇంకో మాట, ఇలా మార్చిన కారును అనుమతి లేకుండా రోడ్డు మీద నడపకూడదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ దీని గురించే. మేము ఆవరణ దాటలేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మన ఇళ్లలో చదువుకున్నవాళ్లు లేరు కాబట్టి, తప్పు చేశామని తెలిస్తే చదువే పోతుందేమోనని భయపడతాం. ఆ భయంతోనే మేము పగులు మీద వెల్డు వేయించి డబ్బు, రోజులు పోగొట్టుకున్నాం. పగులు కనిపిస్తే దాచకండి, ఎందుకు పగిలిందో లెక్క కట్టండి. చేతిపని తెలిసినవాళ్లు ఒక మాట అడిగితే, నవ్వే ముందు పుస్తకం తీసి చూడండి. జవాబు అందులోనే ఉండవచ్చు.