నాగ్‌పూర్‌కు కాంటెస్సాల్లో పోయేముందు

డిచ్‌పల్లి

అల్లుడా,

రెండు కాంటెస్సాలు, ఒక పాత అంబాసిడర్, అయిదుగురు దోస్తులు. మన ఊరి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకొని నాగ్‌పూర్ చేరి, ఆదివారం రాత్రికల్లా ఇల్లు చేరుతామని రాసినవు. పోవద్దని చెప్పడానికి కాదు ఈ ఉత్తరం. పాత బండ్లకు కవరు కప్పి షెడ్డులో పెట్టుకోవడం కంటే రోడ్డెక్కించడమే మేలు. నిలబెట్టిన బండిలో రబ్బరు ఎండుతుంది, ట్యాంకు తుప్పు పడుతుంది. అయితే నీ ఉత్తరం నిండా ఇంజను ముచ్చటే ఉంది. ఇసుజు ఇంజను ఎట్ల లాగుతుంది, ఎవరి బండి ఎంత స్పీడు పోతుంది అన్నదే గాని, బ్రేకు ఊసు ఒక్క చోట కూడా లేదు. పాత బండితో ఎంత దూరం పోవాలి, ఎంత వేగంగా పోవాలి అన్నది అది ఎంత బాగా ఆగుతుందో చూసుకొని తేల్చుకోవాల్సిన సంగతి. నేను చెప్పదలుచుకున్నది ఇంతే. ఎందుకంటున్ననో వివరంగా రాస్త.

మీరు మోజుపడే అమెరికా మజిల్ కార్ల చరిత్రలోనే దీనికి సాక్ష్యం ఉంది. 1964లో పాంటియాక్ కంపెనీ ఒక మధ్యరకం బండిలో పెద్ద బండికి పెట్టే 6.4 లీటర్ల ఇంజను బిగించి జీటీఓ అని అమ్మింది. 325 హార్స్‌పవర్ అని చాటింపు వేసుకుంది. నాలుగేళ్లు తిరగకముందే డాడ్జ్ చార్జర్ ఆర్‌టీ 7.2 లీటర్లకు, 375 హార్స్‌పవర్‌కు పోయింది. బలం ఇట్ల ఏటేటా పెరుగుతుంటే, మామూలుగా కొనేవాళ్ల బండికి మాత్రం నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే వచ్చేవి. ముందు చక్రాలకు డిస్కులు కావాలంటే పైన డబ్బు కట్టాలి. డ్రమ్ముతో చిక్కేమిటంటే, పదేపదే బ్రేకు కొడితే అది వేడెక్కి వ్యాకోచిస్తుంది, లైనర్‌కు దూరం జరుగుతుంది. లైనర్ కూడా వేడికి పట్టు వదులుతుంది. పెడల్ ఎంత లోపలికి తొక్కినా బండి జారిపోతూనే ఉంటుంది. పైగా అరవైల నడిమి దాకా చాలా బండ్లలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే బ్రేకు లైను. ఒక్క వీల్ సిలిండర్ కారిందంటే మొత్తం బ్రేకే పోయినట్టు. రెండు వేర్వేరు లైన్ల మాస్టర్ సిలిండర్ అక్కడ 1967 మోడళ్ల నాటికి గాని మామూలు కాలేదు. 1965లో రాల్ఫ్ నాడర్ కార్ల భద్రత మీద పుస్తకం రాసి కంపెనీలను నిలదీసినాడు. మరుసటి ఏడే అక్కడి ప్రభుత్వం వాహన భద్రతకు చట్టం చేయాల్సి వచ్చింది. సినిమాల్లో ఆ బండ్లు దూకడం చూపిస్తారు గాని, ఆగడానికి పడే తిప్పలు చూపించరు.

"మన కాంటెస్సాకు అంత బలమెక్కడిది మామా, ఆ లెక్క మనకెట్ల వర్తిస్తుంది" అంటవని నాకు తెలుసు. నిజమే. 1984లో హిందుస్థాన్ మోటార్స్ ఉత్తర్‌పారాలో మొదలుపెట్టిన ఈ బండి, జనరల్ మోటార్స్ వాళ్ల బ్రిటిష్ కంపెనీ వాక్స్‌హాల్ చేసిన విక్టర్ నుంచి వచ్చింది. ముఖం చూస్తే అమెరికా పహిల్వాన్. మొదట్లో లోపల పెట్టింది అంబాసిడర్‌లోని 1.5 లీటర్ల ఇంజనే, 50 హార్స్‌పవర్ దగ్గర. తర్వాత వచ్చిన 1.8 లీటర్ల ఇసుజుతోనే దానికి కాస్త ఊపిరాడింది. అయితే బ్రేకు మీద పడే భారం బండి బరువును బట్టి, వేగాన్ని బట్టి ఉంటుంది. ఆ వేగం పట్టడానికి ఎన్ని హార్స్‌పవర్లు పట్టినాయన్నది బ్రేకుకు అవసరం లేదు. అరవైలో పోయే బండిని ఎనభైకి తీసుకపోతే బ్రేకు మింగాల్సిన శక్తి ముప్పావు వంతు పైన పెరుగుతుంది. ఎనభైలో నీ కాలు పెడల్ మీదికి చేరేలోపే, ఒక్క సెకనులో, బండి 22 మీటర్లు ముందుకు పోయి ఉంటుంది. ఇక కాంటెస్సా తయారీ ఆగిందే 2002లో. వీల్ సిలిండర్లలోని రబ్బరు కప్పులకు మీటరు మీది కిలోమీటర్లతో పని లేదు, ఏళ్లు గడిస్తే చాలు గట్టిపడి కారతాయి.

రోడ్డు బాగుంది కదా అన్నది రెండో మాట. నాలుగు లైన్ల రోడ్డే, కాదనను. కాని ఇందల్వాయి టోల్ నుంచి ఆర్మూర్ దాటేదాకా ఆ రోడ్డు మీద ఎవరెవరు ఉంటారో నీకు తెలియనిది కాదు. కోతల కాలంలో రోడ్డు అంచున వడ్లు ఆరబోసి, రాత్రికి నల్ల పట్టా కప్పి, లేచిపోకుండా చుట్టూ రాళ్లు పెడతారు. చీకట్లో పట్టా కనిపించదు, రాయి అంతకంటే కనిపించదు. రాంగ్ రూట్లో బైకులు ఎదురొస్తయి. వెనక లైటు లేని చెరకు ట్రాక్టర్ ట్రాలీలూ ఉంటయి. వీటి ముందర కొత్త బండి ఆగుతుంది. ఏబీఎస్ ఉంటుంది, డిస్కులు ఉంటాయి. దాని వెనక పోతూ, దాన్ని చూసి బ్రేకు కొట్టే నీ పాత బండి సంగతేంది? అందుకే ఒక పని చెయ్యండి: అందరికంటే బ్రేకు బలహీనమైన బండిని, అంటే ఆ అంబాసిడర్‌ను, ముందు నడిపించండి. నెమ్మదిగా పోయేదాన్ని వెనక పెట్టడం అందరూ చేసేదే, కాని ముందు బండి తటాలున ఆగితే పోయి గుద్దేది అదే. అది ముందుంటే మిగతా ఇద్దరి వేగం కూడా అదే నిర్ణయిస్తుంది. అరవై దాటొద్దని అయిదుగురూ ఒప్పుకోకపోతే, అసలు కలిసి బయలుదేరకండి.

ముందు చక్రాలకు డిస్కులు వేయించుకుంటమని మీలో ఒకరు అన్నరట. మంచిదే, పని తెలిసిన మెకానిక్ చేస్తే. ముందు డిస్కులు, వెనక పాత డ్రమ్ములు సరితూగకపోతే గట్టిగా కొట్టినప్పుడు వెనక చక్రాలు లాక్ అయి బండి గిర్రున అడ్డం తిరుగుతుంది. ప్రయాణానికి వారం ముందు హడావుడిగా చేయించే పని కాదది. ఇంకో సంగతి, ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. చెరకు పండించేవాళ్లకు లాభమేమో గాని, కార్బురేటర్ కాలపు రబ్బరు పైపులకు కాదు. కొత్త రకం పైపులు వేయించండి, ఫిల్టర్లు రెండు డిక్కీలో పెట్టుకోండి. ఇక ఆ 1969 మస్టాంగ్ కొని వింటేజ్ కింద రిజిస్ట్రేషన్ చేయించాలన్న మీవాడి కోరిక: 2021 నిబంధనల ప్రకారం ఆ రిజిస్ట్రేషన్ బండిని ర్యాలీలకు, ప్రదర్శనలకు, రిపేరుకు, పెట్రోలుకు తప్ప మామూలుగా రోడ్ల మీద తిప్పకూడదు. మీ కాంటెస్సాలకు వింటేజ్ అనడానికి కావలసిన యాభై ఏళ్లు నిండలేదు గనుక మామూలు ఆర్‌సీనే, పదిహేనేళ్లు దాటినందుకు రెన్యువల్ అయి ఉందో లేదో చూసుకోండి.

ఇంత నెమ్మదిగా పోతే ఆ బండ్ల మజా ఏముంది అంటవు. ఆ బండి నడపడంలో మజా అరవైలోనే ఉంది. ఎనభై దాటినాక వినిపించేది గాలి మోత ఒక్కటే. రెండు రోజుల్లో నాగ్‌పూర్ పోయి రావడమంటే దారిలో కాస్త ఆలస్యమైనా రాత్రి నడపాల్సి వస్తుంది. దానికి బదులు కుంటాల జలపాతం దాకా పోండి. నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ పాత దారి ఎక్కి, నేరడిగొండ దగ్గర మళ్లితే చాలు. పోయేటప్పుడు ఎక్కుడే గనుక రేడియేటర్ వేడి చూసుకుంటే సరిపోతుంది, వచ్చేటప్పుడు దిగుడు. ఎక్కిన గేరులోనే దిగండి, న్యూట్రల్ వేసి పెట్రోలు మిగిలించబోకండి. నాగ్‌పూర్ ఇంకోసారి, మూడు రోజులు సెలవు దొరికినప్పుడు చూద్దాం.

బయలుదేరే ముందురోజు ఇంజను స్టార్ట్ చేసి, బ్రేకు పెడల్ గట్టిగా తొక్కి ఒక నిమిషం అట్లనే పట్టుకో. మెల్లమెల్లగా కిందికి దిగుతుంటే మాస్టర్ సిలిండర్‌లో కప్పయినా పోయి ఉంటుంది, ఎక్కడో ఒకచోట కారుతూనైనా ఉంటుంది, బండి కదపొద్దు. మూడు బండ్లకూ ఇది చేసి ఏ బండి పెడల్ ఎట్లుందో నాకు రాయి. మీ అమ్మకు నాగ్‌పూర్ అని చెప్పి ఉంటవు. కుంటాల అని మార్చి చెప్పే బాధ్యత కూడా నీదే.

నీ మామ