నీటియందు మిగిలిన క్లోరినును కొలుచుట

బావిలో బ్లీచింగు పౌడరు కలిపినంతమాత్రమున నీరు నిర్దోషమైనదని తలంచువారు పెక్కుమంది గలరు. అరగంట గడచిన పిమ్మట నీటిలో క్లోరిను ఏమైన మిగిలినదా యని వారు చూడరు. నీటిలోని కుళ్లిన ఆకులు, ఇనుము, అమ్మోనియా మొదలగునవి క్లోరినును ముందుగా హరించును. వాని వంతు పోగా కొంత శేషించినప్పుడే, కలరా, టైఫాయిడు క్రిములను చంపుటకు తగినంత క్లోరిను దొరకినదని నమ్మవచ్చును. ఇంటికి చేరిన తరువాత నీటిలో పడు మాలిన్యమునకు కొంతవఱకు అడ్డుపడునదియు ఆ శేషమే.

ఒక బావికి ఎంత పౌడరు వలయునో తెలిసికొనుటకు సర్ విలియం హారక్స్ అను సైనికవైద్యుడు కనిపెట్టిన పరీక్ష మిక్కిలి సులభమైనది. మొదటి ప్రపంచ యుద్ధకాలమున (1914–18) సైన్యము దీనిని వాడినది. పరీక్షపెట్టెలోని ఆఱు తెల్లని గిన్నెలను బావినీటితో నింపుదురు. నల్లని గిన్నెలో 2 గ్రాముల పౌడరును ముద్దగా కలిపి, అదే నీటిని గీటువఱకు పోసి, తేరనిత్తురు. ఆ తేటను మొదటి తెల్లగిన్నెలో 1 బొట్టు, రెండవదానిలో 2, ఇట్లు ఆఱవదానిలో 6 బొట్లు వేసి కలిపి, అరగంట వేచియుండవలెను. ఈ నిరీక్షణమును తగ్గించుటకు వీలులేదు. మన బాలురకు ఇదియే కష్టమైన భాగము! పిదప ప్రతి గిన్నెలోను అయొడైడు కలిసిన గంజినీటిని 3 బొట్లు వేయుదురు. మిగిలిన క్లోరిను అయొడైడునుండి అయొడినును విడిపించును. అయొడిను గంజిని నీలవర్ణముగా మార్చును. స్పష్టముగా నీలము కనబడిన మొదటి గిన్నె మూడవదైనచో, 455 లీటర్ల నీటికి 6 గ్రాముల పౌడరు వలయునని యర్థము.

కొళాయినీటి పరీక్షకు పూర్వము ఆర్తోటోలిడీనును వాడి పసుపురంగును చూచెడివారు. అది దేహమునకు హానికరమని తేలుటచే, 1957లో పాలిన్ ప్రకటించిన డి.పి.డి. పద్ధతి దాని స్థానమును పొందినది. ఇందు గులాబిరంగు వచ్చును. దానిని ప్రమాణపు రంగులతో సరిపోల్చిన, లీటరునకు ఎన్ని మిల్లీగ్రాముల క్లోరిను గలదో తెలియును. కనీసము 0.2 మిల్లీగ్రాము ఉండవలెనని భారత ప్రమాణము. ఎండ క్లోరినును హరించును గనుక నీటిని పట్టినచోటనే పరీక్షింపవలెను. గొట్టపు మొదట పట్టిన నీటికంటె, ఊరి చివరి కొళాయినీరే సత్యము చెప్పును. రంగును వెంటనే చూడవలెను. ఆలసించినచో అమ్మోనియాతో కూడి బలము తగ్గిన క్లోరిను సయితము నెమ్మదిగా రంగునిచ్చి లెక్కను పెంచును.

అన్నిటికంటె అపాయకరమైన పొరపాటు వేఱొకటి గలదు. క్లోరిను మితిమీరియున్నచో, పుట్టిన గులాబిరంగును తానే విరిచివేయును. నీరు వర్ణరహితముగా నుండుటచే, క్లోరిను బొత్తిగా లేదని భ్రమించి ఇంకను పౌడరు కలుపుటకు అవకాశము గలదు. ఘాటైన వాసన యుండియు రంగు రానిచో, ఒక పాలు నీటికి తొమ్మిది పాళ్లు స్వేదనజలము చేర్చి మరల పరీక్షించి, వచ్చిన అంకెను 10చే హెచ్చింపవలెను.