పదియవ దినము దాటిన తరువాత

పఠనభాగములు: దానియేలు 1వ అధ్యాయము, 1 కొరింథీయులకు 9:24-27

భోజనమునకు సూరతు, మరణమునకు కాశి అను అర్థముగల సామెత గుజరాతు రాష్ట్రమందు ప్రసిద్ధము. తపతీ నదీతీరమునగల ఆ నగరమందు ఉదయమున సెనగపప్పుతో ఆవిరిమీద వండిన లోచో, శీతకాలమున ఊంధియు, శరత్పూర్ణిమ మరునాడు చాందనీ పడ్వో పండుగకు నేతితో నిండిన ఘారీ జనులను పిలుచుచుండును. ఇట్టిచోట మితాహార నియమమును అవలంబింప బూనినవాడు ఎంతకాలము నిలువగలడు? ఈ పాఠము విచారించు ప్రశ్న ఇదియే.

ఈ ప్రశ్న తెలుగువారికి దూరమైనది కాదు. తెలంగాణ జిల్లాలనుండి పద్మశాలి కుటుంబములనేకము మరమగ్గముల పనికై సూరతు చేరి, లింబాయత్ మున్నగు ప్రాంతములలో స్థిరపడినవి. నగరపాలక సంస్థ నడుపు పాఠశాలలలో తెలుగు మాధ్యమమువియు కలవు. మరమగ్గముల శాలలలో పాళీ సాధారణముగా 12 గంటలు. రాత్రి పాళీలో నిద్రను ఆపుటకు చక్కెర వేసిన టీ, ఆకలి ఆపుటకు వేయించిన చిరుతిండి, తెల్లవారి ఇల్లు చేరినపిమ్మట పళ్లెము నిండ అన్నము: ఇట్లు గడచు సంవత్సరముల ఫలము దేహమందు మెల్లగా కనబడును. భారతదేశమున 10 కోట్లకు పైగా జనులకు మధుమేహము కలదని 2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే తెలిపినది. ఆ వ్యాధి అదుపు తప్పినయెడల దెబ్బతినునవి కండ్లు, పాదముల నరములు. నేతపనివానికి పోగును చూచు కన్నును, మగ్గమునొద్ద నిలుచు పాదమును జీవనాధారములు. కాబట్టి పథ్యము అతనికి అలంకారము కాదు. పిల్లల అన్నమునకు సంబంధించిన సంగతి.

1. తీర్మానమునకు కారణము కావలెను

దానియేలు రాజభోజనమును మానినది దేహపుష్టి కొరకు కాదు, తన్ను అపవిత్రపరచుకొనకుండుటకు. ఆ అధ్యాయమును వైద్యుని పథ్యపు చీటీగా చదువుట మూలమునకు న్యాయము కాదు. అయినను తీర్మానము ఎట్లు నిలుచునో తెలిసికొనుటకు అది మంచి దృష్టాంతము. హెబ్రీ మూలమందు అతని నిశ్చయమును తెలుపు పలుకుబడికి, ఒక సంగతిని హృదయముమీద ఉంచుకొనుట అని భావము. నిషేధము బయటినుండి వచ్చినది కాదు. కారణము లోపలనే యుండినది. "వైద్యుడు వద్దన్నాడు" అనువాని నియమము వైద్యుడు కనుమరుగైనంతనే సడలును. "నా కన్నులు కాపాడుకొని నా బిడ్డను చదివింపవలెను" అనువానికి కారణము ప్రతి భోజనమునొద్దను తోడుగా నుండును.

2. నియమము స్పష్టముగా నుండవలెను

దానియేలు పెట్టిన మనవి స్పష్టమైనది: పది దినములు, శాకధాన్యాదులు, నీళ్లు. హెబ్రీ పదమునకు విత్తబడినవాటినుండి పుట్టునవి అని అర్థము గనుక, కూరలను ధాన్యములను కలిపి చెప్పిన తెలుగు అనువాదము యుక్తమైనదే. "ఇకమీదట తక్కువగా తిందును" అనునది నియమము కాదు, కోరిక మాత్రమే.

ఏమి తినవలెనో చెప్పుటకు తెలుగునాటనే గొప్ప సంస్థ గలదు. 1918లో కూనూరునందు చిన్న పరిశోధనశాలగా ఆరంభమై, 1958లో హైదరాబాదునకు మారిన జాతీయ పోషకాహార సంస్థ 2024లో 17 ఆహార సూత్రములను ప్రకటించినది. వాటి సారము కఠినమైనది కాదు. పళ్లెములో సగము కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండవలెను. తక్కిన సగములో అన్నముగాని రొట్టెగాని, పప్పుధాన్యములు మొదలైనవి ఉండవలెను. ఉప్పు దినమునకు 5 గ్రాములు మించరాదు. జొన్నరొట్టె, ఆకుకూర పప్పు, పలుచని మజ్జిగ తెలంగాణ ఇండ్లకు క్రొత్తవి కావు. సూరతులోను శీతకాలమున పోంక్ అను పేర దొరకు లేతజొన్నలును, సూరతీ పాప్డీ అను చిక్కుడుకాయలును కలవు. నియమము పాటించుటకు దూరదేశపు తిండి అక్కరలేదు. మధుమేహమునకు మందులు వాడువారు మాత్రము తమ వైద్యుని అడిగి ఆహారమును మార్చుకొనవలెను.

3. కాలము పట్టునని ఎరిగియుండవలెను

లండను యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీయు ఆమె సహచరులును 96 మందిని పరిశీలించి, క్రొత్త అలవాటు అప్రయత్నముగా జరుగుటకు సగటున 66 దినములు పట్టునని 2010లో ప్రచురించిరి. కొందరికి 18 దినములే చాలెను. కొందరికి 254 దినములు పట్టునని అంచనా వేసిరి. రెండు వారములకే విసుగు పుట్టినవాడు ఓడిపోయినవాడు కాడు. అతడు ఇంకను దారిలోనే యున్నాడు. ఒక దినము తప్పినంతమాత్రమున అలవాటు పాడు కాదనియు ఆ పరిశోధనయందే తేలినది.

ఈ సంగతి నేతగానికి వివరింప నక్కరలేదు. పోగు తెగినయెడల అతడు బట్టను పారవేయడు. మగ్గము నాపి, పోగు ముడివేసి, నేత సాగించును. పండుగనాడు ఒక ఘారీ తిన్నవాడు "నియమము చెడినది గదా" అని వారమంతయు తినుట, తెగిన ఒక పోగుకొరకు పడుగునంతటిని కోసివేయుట వంటిది. దానియేలు సైతము మరియొక సమయమున మూడు వారములు రుచికరమైన ఆహారమును మానెనని 10వ అధ్యాయము చెప్పుచున్నది. తక్కిన కాలమంతయు అతడు రుచిని విసర్జింపలేదని దానినిబట్టి గ్రహింపవచ్చును.

4. ఉత్సాహము కంటె దినచర్య బలమైనది

సూరతు నగర చరిత్రయే దీనికి సాక్ష్యము. 1994 సెప్టెంబరులో ప్లేగు భయముచేత లక్షలాది జనులు ఆ నగరమును విడిచి పారిపోయిరి. 1995లో నగరపాలక కమిషనరుగా వచ్చిన ఎస్. ఆర్. రావు అధికారులను ప్రతిదినము వీధులలోనికి పంపి, పారిశుద్ధ్యమును నిత్యకృత్యముగా మార్చెను. భయము కొలది మాసములలో చల్లారెను, దినచర్య నిలిచెను. 2023 స్వచ్ఛ సర్వేక్షణలో సూరతు ఇండోరుతో సమముగా ప్రథమస్థానము పొందినది.

వైద్యుని మాట పుట్టించు భయమును అట్టిదే. అది చల్లారకమునుపే వేళను, చోటును, పనిని నిర్ణయించుకొనవలెను. అర్ధరాత్రి విరామమునకు వేయించిన సెనగలను పని కేగునపుడే మూటగట్టుకొన్నవాడు, చిరుతిండి బండియెదుట తనతో తాను పోరాడ నక్కరలేదు.

5. ఒంటరిగా చేయరాదు

దానియేలుతో ముగ్గురు స్నేహితులుండిరి. అతడు అధికారిని ధిక్కరింపక, వినయముతో మనవి చేసెను. పది దినముల పిమ్మట ఆ అధికారియే రాజభోజనమును వారి యెదుటనుండి తీసివేసెను. శోధన బల్లమీద లేకపోయెను. ఇంట ఒకనికి మాత్రమే చప్పిడి కూర వండి, తక్కినవారు వేపుళ్లు తినుచుండగా అతని నిలువుమనుట న్యాయమా? భార్య, బిడ్డలు, తోటి పనివారు తమ పళ్లెములను కొంత మార్చుకొనినయెడల అతని భారము సగమగును, వారి ఆరోగ్యమును బాగుపడును.

పది దినముల పరీక్షతో దానియేలు కథ ముగియలేదు. కోరెషు ఏలుబడి మొదటి సంవత్సరమువరకు అతడు నిలిచెనని అధ్యాయపు చివరి వచనము తెలుపుచున్నది. పది దినములు అనేకులు నిలువగలరు. పదునొకండవ దినమున మరల అదే పళ్లెమునొద్ద నెమ్మదిగా కూర్చుండువాడు ధన్యుడు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఆహార నియమమునకు మీ కారణమేమి? దానిని ఒక్క వాక్యములో వ్రాయగలరా?
2. దినములో ఏ వేళ, ఏ చోట మీ నియమము సడలుచున్నది? ఆ వేళకు ముందుగా ఏమి సిద్ధపరచుకొనవచ్చును?
3. మీ యింట పథ్యము చేయువారికి తోడుగా ఈ వారము ఏ పదార్థమును బల్లమీదనుండి తీసివేయుదురు?